పధ్నాలుగు రోజుల గడువు

మొన్న ఆదివారం సొరుగు సర్దుతుంటే అడుగున ఒక రసీదు దొరికింది. వేడికి అక్షరం పడే రకం కాగితం కాబట్టి రాత సగానికి పైగా వెలిసిపోయింది. మిగిలినదాంట్లో పోల్చుకోగలిగినవి రెండే సంగతులు. ముందువైపు: జెర్బిళ్ళు రెండు, ఒక్కొక్కటి 15 డాలర్లు. వెనకవైపు సన్న అక్షరాల్లో: కొన్న 14 రోజుల లోపు జంతువు జబ్బుపడినా మరణించినా ఈ రసీదు చూపినచో సొమ్ము వాపసు ఇవ్వబడును, లేదా బదులుగా మరొక జంతువు ఇవ్వబడును.

ఆ రసీదును చించి పారేయబోయి ఆగిపోయాను. దాన్ని జేబులో పెట్టుకుని నేను చేసిన ఒక ప్రయాణం గుర్తుకొచ్చింది. దాని గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఇక్కడ రాసుకుంటున్నాను.

రెండేళ్ళ క్రితం సంగతి. మేముండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో. జనవరిలో మా అమ్మాయికి ఎనిమిదో పుట్టినరోజు. కుక్క కావాలని ఏడాదిగా అడుగుతోంది. కుక్కకు బదులు పిల్లి, పిల్లికి బదులు కుందేలు, ఇలా బేరం దిగివచ్చి దిగివచ్చి చివరికి అరచేతిలో ఇమిడే జెర్బిల్ దగ్గర ఒప్పందం కుదిరింది. ఇది ఎలుకల వంశానికి చెందిన ప్రాణి. ఇసుకరంగు ఒళ్ళు, పెద్ద నల్లకళ్ళు, ఒంటి పొడవుకు దాదాపు సమానమైన తోక, ఆ తోక చివర చిన్న కుచ్చు. వెనక కాళ్ళ మీద నిలబడి ముందు చేతులు జోడించి చూస్తుంటే మన గుళ్ళో దర్శనానికి వరుసలో నిలబడ్డ భక్తుడిలా ఉంటుంది.

దీని స్వస్థలం మంగోలియా, ఉత్తర చైనా గడ్డిభూములు. 1866లో అర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి మతగురువు అక్కడినుంచి కొన్నిటిని పారిస్ మ్యూజియానికి పంపితే, మరుసటి ఏడు దానికి శాస్త్రీయ నామం పెట్టారు. ఇప్పుడున్న పేరు మెరియోనిస్ ఉంగ్విక్యులాటస్. మెరియోనిస్ అంటే గ్రీకు పురాణగాథల్లో ఒక యోధుడు, రెండో మాటకు అర్థం గోళ్ళు గలది. అంటే గోళ్ళున్న వీరుడన్నమాట. 1954లో విక్టర్ ష్వెంట్కర్ అనే ఆయన ప్రయోగశాలల కోసం జపాను నుంచి 11 జంటలను న్యూయార్క్ రాష్ట్రంలోని తన కేంద్రానికి తెప్పించాడు. అమెరికా ఇళ్ళలో పెరుగుతున్న జెర్బిళ్ళలో చాలావాటి వంశవృక్షం ఆ కొద్దిపాటి జంటల దగ్గరకే చేరుతుంది. వాటి దాయాదులు మన థార్ ఎడారిలోనూ ఉన్నాయి. ఫ్రీమాంట్‌లో ఉన్న మిత్రుడికి ఫోనులో ఈ విశేషాలన్నీ చెబితే, "మా కాలిఫోర్నియాలో వాటిని పెంచడం నేరం, తప్పించుకుంటే ఇక్కడి ఎండకు స్థిరపడిపోయి పంటలు తినేస్తాయని భయం" అన్నాడు. వీసాల బాధ వాటికీ తప్పలేదని నవ్వుకున్నాం.

చూశారా, ఇవన్నీ నాకు తెలుసు. పుట్టినరోజుకు వారం ముందే చదివి పెట్టుకున్నాను. ఏ పాదిరీ ఏ ఏడాది ఎక్కడికి పంపాడో చదివినవాణ్ణి, దాన్ని చేత్తో ఎలా ఎత్తుకోవాలో మాత్రం చదవలేదు. నా చదువంతా ఇలాంటిదే.

అంగడిలో రెండు ఆడపిల్లలను ఎంచుకున్నాం. ఒక ఈతలో పుట్టిన అక్కచెల్లెళ్ళు, రెండు నెలల వయసు. ఒకటి గోధుమవన్నె, రెండోది నల్లనిది. అమ్మాయి కారులోనే నామకరణం కానిచ్చింది. గోధుమవన్నెది బెల్లం, నల్లది నువ్వులు. తెనాలి నుంచి వాళ్ళ నాయనమ్మ పంపే చిమ్మిలి ఉండలంటే దానికి ప్రాణం. రెండూ కలిస్తేనే చిమ్మిలి అవుతుందని, విడిగా ఉండవని దాని వాదం. అది ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది.

గాజు తొట్టి కొన్నాం, చక్రం కొన్నాం, నీళ్ళ సీసా కొన్నాం. అడుగున పరచడానికి మంచి వాసన వస్తోందని సీడారు చెక్కపొట్టు సంచీ నేనే ఏరి తెచ్చాను.

రెండోనాటి సాయంత్రం అమ్మాయి బెల్లాన్ని మొదటిసారి అరచేతుల్లోకి తీసుకుంది. అర నిమిషం గడిచిందో లేదో దాని చెవులు వెనక్కి వాలిపోయాయి, ఒళ్ళు కొయ్యబారిపోయింది, మీసాలు, కాళ్ళు సన్నగా అదరసాగాయి. అమ్మాయి కేక వేసింది. నేను ప్రాణం పోతోందనే అనుకున్నాను. ఒకటి రెండు నిమిషాల్లో అది తేరుకుని, ఏమీ జరగనట్టు ఒక పొద్దుతిరుగుడు గింజ ఒలుచుకు తింది. మేం మాత్రం ఆ రాత్రి తేరుకోలేదు.

మూడోనాడు పొద్దున్న నువ్వుల ముక్కు చుట్టూ ఎర్రగా తడి. నెత్తురని అనుకున్నాం. దెబ్బలాడుకున్నాయేమోనని గాజుకు ముఖాలు ఆన్చి గంటసేపు చూశాం. అవేమో ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి.

నాలుగోనాడు జరిగింది అసలు సంగతి.

ఆరోజు నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. మా ఆవిడ ఆఫీసుకు, అమ్మాయి బడికి వెళ్ళారు. మధ్యాహ్నం పదకొండింటికి తొట్టి శుభ్రం చేద్దామని మూత తీశాను. బెల్లం ఒక్క గెంతులో నా మోచేతి మీదికి, అక్కడినుంచి నేల మీదికి దూకింది. సోఫా కిందికి, పుస్తకాల అలమర వెనక్కి, అక్కడినుంచి వేడిగాలి వచ్చే గొట్టం వైపు. ఆ గొట్టంలోకి దూరితే ఇక దొరకదు. మోకాళ్ళ మీద పాకుతూ చేయి చాచాను. అందింది తోక. పట్టుకున్నాను.

అది ముందుకే పోయింది. నా వేళ్ళ మధ్య మాత్రం ఏదో మిగిలిపోయింది. కత్తి దూస్తే చేతిలో మిగిలిన ఒరలా, కుచ్చుతో సహా తోక చర్మం. గొట్టం అంచున బెల్లం ఆగి నావైపు తిరిగింది. వెనక ఎర్రని సన్నని పుల్లలాంటిదేదో నేలకు తగులుతోంది.

ఆ ఒక్క క్షణం గురించి రెండేళ్ళుగా ఎన్నిసార్లు తలచుకున్నానో. దానికి నా మీద పగ లేదు, భయం కూడా కొత్తగా ఏమీ లేదు. నేనే అక్కడ కూలబడిపోయాను.

తరువాత చేసినవన్నీ చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒక తువ్వాలు వేసి దాన్ని మెల్లగా పట్టుకున్నాను. నెత్తురు పెద్దగా లేదు, అక్కడక్కడ చుక్కలు. ఏం చేయాలో తోచక, చిన్నప్పుడు మా ఇంట్లో పశువులకైనా పిల్లలకైనా చేసిన వైద్యమే చేశాను: వంటింట్లోకి వెళ్ళి పసుపు తెచ్చి చల్లాను.

అప్పుడు గోడ గడియారం చూశాను. పదకొండుంపావు. అమ్మాయి బడి బస్సు వచ్చేది మూడూ నలభైకి.

మనసు ఎంత వేగంగా లెక్కలు కడుతుందో చెబితే నాకే సిగ్గేస్తుంది. అంగడి పదిహేను నిమిషాల దూరం. రసీదు పర్సులోనే ఉంది. ఇంకా నాలుగో రోజే. ఆ అంగడిలో గోధుమవన్నె పిల్లలు ఇంకో మూడు ఉన్నాయి, చూసినవాడికి తేడా తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్ల నాలుగు రోజుల్లో ఎంత గుర్తుపెట్టుకుంటుంది? మూడింటికల్లా కొత్త బెల్లం తొట్టిలో ఉంటుంది. పిల్లకు ఏడుపు ఉండదు, నాకు సంజాయిషీ ఉండదు. ఇదంతా పిల్ల మనసు నొప్పించకుండా ఉండడానికే అని నాకు నేను చెప్పుకున్నాను కూడా.

బెల్లాన్ని అట్టపెట్టెలో పెట్టి, కారు వేడెక్కాక బయలుదేరాను.

అంగడిలో ఇరవై ఏళ్ళ కుర్రవాడు. పెట్టె మూత కొంచెం తీసి చూశాడు. మొహం చిట్లించాడు. రసీదు అడిగాడు, తేదీ చూశాడు. "మార్చుకోవచ్చు. అదే రంగులో ఇంకొకటి తీసుకురానా?" అన్నాడు. ఎలా జరిగిందని కూడా అడగలేదు. నిందిస్తాడేమోనని దారిపొడవునా జవాబులు కూర్చుకున్నవాణ్ణి, ఆ అడగకపోవడాన్నే తట్టుకోలేకపోయాను.

"మరి దీన్నేం చేస్తారు?" అన్నాను.

"వెనక్కి పెడతాం," అన్నాడు. వెనక అంటే ఎక్కడో చెప్పలేదు, నేనూ రెట్టించలేదు. కారులో పర్సు మరిచిపోయానని ఒక అబద్ధమాడి, పెట్టె తీసుకుని బయటికొచ్చాను. పర్సు నా చేతిలోనే ఉంది. ఆ కుర్రవాడు చూశాడు కూడా.

కారులో కూర్చున్నాను గానీ తాళం తిప్పలేదు. మా తాతయ్య గుర్తుకొచ్చాడు.

తెనాలి దగ్గర మా ఊళ్ళో తాతయ్యకు ఆరెకరాల మాగాణి ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు జత ఎద్దులో ఒకటి చనిపోతే సంతకు వెళ్ళి ఇంకోదాన్ని కొన్నాడు. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. పళ్ళు చూశాడు, సుడులు చూశాడు, నడిపించి చూశాడు. దళారీ, తాతయ్య తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్ళతోనే బేరమాడారు. తేడా వస్తే నెల లోపు మార్చి ఇస్తానని దళారీ మాట ఇచ్చాడు. పదోరోజున ఆ ఎద్దు కుంటడం మొదలుపెట్టింది. గిట్టలో ఏదో జబ్బు. పసుపు, వేపనూనె కలిపి నాలుగు రోజులు కట్టు కట్టాడు, తగ్గలేదు. దుక్కుల రోజులు. ఇంటిల్లిపాదీ మార్చెయ్యమన్నారు. మార్చేశాడు. దళారీ మాట తప్పలేదు, సొంపైన ఎద్దునే ఇచ్చాడు.

పై వారం ఏదో పని మీద మళ్ళీ సంతకు వెళ్ళాం. కటికవాళ్ళు కొనే పశువుల వరుసలో, చివర, అదే ఎద్దు కట్టేసి ఉంది. మేం ఆ పక్కనుంచే నడిచి పోవాలి. దగ్గరకు రాగానే తల తిప్పి చూసింది. తాతయ్య నా చేయి పట్టుకుని వేగంగా నడిచాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. నాయనమ్మ ఏమైందని అడిగితే చాలాసేపటికి, "అది నన్ను గుర్తుపట్టిందే," అన్నాడు. ఆ తరువాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. దుక్కుల కాలంలో కుంటి ఎద్దును కూర్చోబెట్టి మేపడం ఆరెకరాల రైతుకు ఎంత భారమో నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆయనకున్న ఇబ్బంది నాకేముంది? నాకేం దుక్కి ఆగిపోతుంది?

ఫోను తీసి పశువైద్యుల కోసం వెతికాను. మొదటి రెండుచోట్లా కుక్కలను, పిల్లులను మాత్రమే చూస్తామన్నారు. చిన్న జంతువులను చూసే డాక్టరు నగరానికి ఆ చివర, ఇరవై మైళ్ళ దూరంలో ఉన్నారని మూడోచోట చెప్పారు.

ఆవిడ యాభై దాటిన మనిషి. పెట్టెలోకి చేయి పోనిచ్చి, రెండు అరచేతులు దోసిలిలా కలిపి, కిందినుంచి బెల్లాన్ని ఎత్తింది. అంతే, అంత తేలిక. అది ఆ దోసిట్లో మెదలకుండా కూర్చుంది. "ఈ పసుపురంగు ఏమిటి?" అని అడిగింది. చెప్పాను. నవ్వలేదు. ఉప్పునీటి ద్రావణంతో ఓపికగా కడుగుతూ, పొడి ఏదైనా గాయానికి అంటుకుని పెచ్చు కడుతుందని, దాన్ని జంతువు నాకుతుందని చెప్పింది.

ఆ అరగంటలో ఆవిడ చెప్పినవి, నేను కొనడానికి ముందే తెలుసుకుని ఉండవలసినవి, రాసిపెడుతున్నాను. ఎవరింట్లోనైనా పనికిరావచ్చు.

జెర్బిల్ తోక చర్మం వదులుగా ఉంటుంది. గద్దో పామో తోక పట్టుకుంటే చర్మం వదిలేసి ప్రాణం దక్కించుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. ఆ క్షణాన దానికి నేను గద్దకన్నా భిన్నం కాదు. ఊడిన చర్మం మళ్ళీ రాదు. బయటపడ్డ ఎముక, కండ కొన్నాళ్ళకు ఎండి రాలిపోతుంది. అవసరమైతే మత్తు ఇచ్చి ఆ భాగం తీసేస్తారు. బెల్లం విషయంలో గాయం శుభ్రంగా ఉంది, మొదలు వైపు చర్మం బాగుంది కాబట్టి కోత లేకుండా చూద్దామంది. గెంతేటప్పుడు తూకానికి, నిలబడేటప్పుడు ఊతానికి తోక కావాలి. అయినా సగం తోకతో బతకడం అది నేర్చుకుంటుందంది.

ముక్కు చుట్టూ ఎరుపు నెత్తురు కాదట. కంటి వెనక ఉండే ఒక గ్రంథి పోర్ఫిరిన్ అనే ఎర్రని పదార్థాన్ని స్రవిస్తుంది. బెదిరినప్పుడు, గాలిలో తేమ ఎక్కువైనప్పుడు, పొట్టు ఒరుసుకున్నప్పుడు అది ముక్కు దగ్గర పేరుకుని చర్మం పుండవుతుంది. వాసన బాగుందని నేను ఏరికోరి తెచ్చిన సీడారు పొట్టులోని ఆవిర్లు ఆ చిన్న ఊపిరితిత్తులకు మంటపెట్టేవే. ఆస్పెన్ చెక్కపొట్టో, కాగితపు పరుపో వేయమంది. ఒళ్ళు పొర్లడానికి ఒక గిన్నెలో ఇసుక పెట్టమంది.

అరచేతిలో బిగుసుకుపోవడం మూర్ఛ. జెర్బిళ్ళలో 20 నుంచి 40 శాతం దాకా ఈ లక్షణం ఉంటుందట. సాధారణంగా రెండు నెలల వయసులో మొదలై, కొత్త చోటుకో కొత్త చేతికో బెదిరినప్పుడు వస్తుంది. మూర్ఛరోగ పరిశోధనలకు వీటిని వాడింది అందుకే. మందు అవసరం లేదు, కింద ఉంచి, చప్పుడు చేయకుండా, తేరుకునేదాకా వదిలేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్పింది. వేటాడబడే జంతువులు జబ్బును దాచుకుంటాయి. బలహీనంగా కనబడితే వేటగాడి కంట పడతాయి కనుక. ఒళ్ళు ముడుచుకుని, బొచ్చు నిక్కబొడుచుకుని అది మూల కూర్చునే సమయానికి మనం చాలా ఆలస్యంగా చూస్తున్నట్టే. విరేచనాలు కనిపిస్తే మాత్రం గంటల లెక్కన పరిగెత్తాలి. పాలు మరిచి కొత్తగా ఇల్లు మారిన పిల్లలకు టైజర్ వ్యాధి అని ఒకటి వస్తుంది, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి రోజూ తూచమంది. మన ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మందును అంచనాగా పట్టించవద్దంది. స్ట్రెప్టోమైసిన్ వంటివి వీటికి ప్రాణాంతకం.

"దీన్ని కొన్నాళ్ళు విడిగా పెట్టాలా?" అన్నాను.

"వద్దు. రెండోది గాయాన్ని కొరికితే తప్ప విడదీయవద్దు. ఇవి ఒకదాన్నొకటి వాసనతో గుర్తుపడతాయి. కొన్నాళ్ళు విడివిడిగా ఉంటే పరాయివైపోతాయి. బయటి జెర్బిల్‌ను తెచ్చి ఒకేసారి తొట్టిలో వదిలితే చచ్చేదాకా పోట్లాడుకోవచ్చు," అంది.

నాకు ఒళ్ళు జలదరించింది. రంగు కలిసింది కదా అని ఇంకో బెల్లాన్ని తెచ్చి వదిలి ఉంటే అమ్మాయి మోసపోయేదేమో గానీ, నువ్వులు మోసపోయేది కాదు.

సంప్రదింపుకు 70 డాలర్లు, మెలాక్సికామ్ అనే నొప్పి మందు చుక్కలకు, సూది లేని సిరంజికి కలిపి ఇంకో 25. కొన్నది గోరంత, ఖర్చు కొండంత. సంతకం పెడుతుంటే నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు వరి పొట్టకొచ్చే రోజుల్లో మా పొలాల్లో యానాదులు వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవారు. ఎలుకకు ఇంత అని లెక్కగట్టి వాళ్ళకు డబ్బులిచ్చేది నేనే. పట్టినవి లెక్కపెట్టడం నాకు ఇష్టమైన పని. వందల కొద్దీ చావులకు డబ్బు చెల్లించిన ఆ చేత్తోనే ఇప్పుడు ఒక్కదాని తోకకు చెల్లిస్తున్నాను. దీనికి తర్కం ఏమీ లేదు. ఆ ఎలుకలకు పేర్లు లేవు, దీనికి ఉంది. అంతకుమించి నేను వివరించలేను.

మూడూ నలభైకి బస్సు వచ్చింది. అమ్మాయి సంచీ దించకముందే కూర్చోబెట్టి చెప్పాను. తొట్టి మూత తీయడం, అది దూకడం, తోక పట్టుకోవడం, అన్నీ చెప్పాను. మొదట ఏడ్చింది. తరువాత తొట్టి దగ్గరకు వెళ్ళి చూసింది. పొట్టు తీసేసి తెల్ల కాగితపు తువ్వాళ్ళు పరిచాను, నెత్తురు కారితే తెలియడానికి. మెట్లున్న చక్రం కూడా తీసేశాను, దాని సందుల్లో తోక ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి.

"తోక పట్టుకోకూడదని నీకు తెలీదా నాన్నా?"

"తెలీదమ్మా."

"మరి కొనేముందు ఎందుకు చదవలేదు? నువ్వు అన్నీ చదువుతావుగా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ సాయంత్రం నుంచి మా వంటింటి తూకం అమ్మాయి స్వాధీనమైపోయింది. ప్లాస్టిక్ గిన్నెలో బెల్లాన్ని కూర్చోబెట్టి రోజూ ఒకే వేళకు తూచి, గోడ కేలండరు మీద రాసేది. మొదటిరోజు 52 గ్రాములు. మరునాడు 50. ఆ మరునాడు 48. ఆ 48 దగ్గర ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మా ఆవిడ, "ఏమండీ, మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్దామా?" అని పడుకునేదాకా అడుగుతూనే ఉంది. నొప్పిమందు చుక్క పెదవికి ఆన్చితే మొదట తల తిప్పేసేది, రెండోరోజుకల్లా సిరంజిని రెండు చేతులతో పట్టుకుని తనే తాగడం మొదలుపెట్టింది. నాలుగోనాడు 49. ఆ తరువాత 51. ఆ అంకె రాస్తూ అమ్మాయి దాని చుట్టూ ఒక సున్నా చుట్టింది.

ఆ రోజుల్లోనే అమ్మ ఫోను చేసింది. మనవరాలు వివరాలన్నీ ఏకరువు పెట్టింది. తరువాత ఫోను నా చేతికొచ్చింది. "ఏరా, ఎలుకకు డాక్టరేమిటిరా? ఇక్కడ ధాన్యం కొట్టులో బోను పెట్టలేక చస్తుంటే!" అని నవ్వింది. నేనేమీ అనలేదు. కాసేపు ఆగి, "తింటోందా?" అని అడిగింది. "తింటోందమ్మా." "తింటుంటే ఫరవాలేదులే," అంది. పశువు జబ్బుపడితే మా ఇంట్లో పొద్దున లేస్తూనే అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ తరువాత వారం రోజులపాటు ఎప్పుడు ఫోను చేసినా ముందు అదే అడిగింది.

నువ్వులు గాయాన్ని కొరకలేదు. రాత్రిపూట మేం చూసినప్పుడల్లా బెల్లం వీపుకు ఆనుకునే పడుకుని ఉండేది. పొట్టు మార్చిన వారానికి దాని ముక్కు ఎరుపు తగ్గింది. తోక ఎముక ముదురు రంగుకు తిరిగి, ఎండిన చింతపుల్లలా అయి, పదమూడో రోజున కాగితపు పరుపులో రాలి కనిపించింది. అమ్మాయి దాన్ని పెరట్లో పాతిపెడతానంది. జనవరి నెలలో ఒహాయో నేల రాయిలా గడ్డకట్టుకుని ఉంటుంది. పూలకుండీలో పెట్టాం.

మర్నాటితో అంగడివాళ్ళిచ్చిన గడువు తీరిపోయింది. ఆరోజు ఎవరమూ దాన్ని తలచుకోలేదు.

బెల్లం ఇప్పుడు 74 గ్రాములు. మొండితోకతో గెంతేటప్పుడు మొదట్లో పక్కకు పడిపోయేది, ఇప్పుడు పడదు. మూర్ఛ ఇంకో నాలుగైదుసార్లు వచ్చింది, ఏడాదిగా రాలేదు. వీటి ఆయుర్దాయం మూడు నాలుగేళ్ళు. రెండేళ్ళు గడిచాయి. ఆ లెక్క అమ్మాయికీ తెలుసు, కేలండరు మీద అది మాత్రం రాయదు. ఇప్పుడు ఎత్తుకోవాలంటే ఇంట్లో అందరమూ దోసిలి పట్టి ఆగుతాం. దానికి ఇష్టమైతే ఎక్కుతుంది, లేకపోతే లేదు. నా దోసిట్లోకి రావడానికి ఏడు నెలలు పట్టింది.

ఆనాడు అమ్మాయికి నేను అన్నీ చెప్పానని పైన రాశాను. అన్నీ చెప్పలేదు. ఆ పదకొండుంపావుకూ డాక్టరు దగ్గరకు చేరడానికీ మధ్య కారు ఎక్కడికి వెళ్ళిందో, రసీదు ఎందుకు బయటికి తీశానో, దానికే కాదు, మా ఆవిడకు కూడా చెప్పలేదు. మంచి పని చేసిన తండ్రిగానే ఇంట్లో చలామణీ అవుతున్నాను.

అమ్మాయి ఇప్పుడు తెలుగు చదవడం నేర్చుకుంటోంది. గుణింతాలు పూర్తయ్యాయి, ఒత్తుల దగ్గర తడబడుతోంది. ఈ టపా కూడబలుక్కుని చదవడానికి ఇంకో ఏడాది పట్టవచ్చు. రసీదును చించలేదు. మళ్ళీ సొరుగులోనే పెట్టాను.